హాజరుపట్టీ వెనుక చరిత్ర



ఏటా జూన్ నెలలో బడి తెరిచిన నాడు నా చేతికి ముందుగా వచ్చే పుస్తకం హాజరుపట్టీ. గీతలు గీచి, పిల్లల పేర్లు వరుసగా వ్రాసి, తేదీల గడులు వేసుకొంటే గాని ఆ సంవత్సరం మొదలైనట్లు అనిపించదు. ఇప్పుడు చేతిఫోనులో కూడా అదే హాజరు నింపవలసి ఉన్నది గాని, కాగితపు పట్టీ మీద ఉండే మమకారం దాని మీద కలుగదు. 'హాజరు' అనే మాట అరబ్బీలో పుట్టి, పారసీ, ఉర్దూల మీదుగా మన బడిలోనికి వచ్చినది. మా హోసూరు ప్రాంతంలో పేరు పిలిచినప్పుడు తమిళ విభాగపు పిల్లలు 'ఉళ్ళేన్ ఐయా' అంటారు. ఇంగ్లీషు విభాగంలో 'ప్రెజెంట్ సార్' అంటారు. మా తెలుగు పిల్లలు మాత్రం ఇంటి మాటలోనే 'ఉండా సార్' అంటారు. ఆ 'ఉండా' అనే ఒక్క మాట వినడానికి రెండు వందల ఏండ్లుగా ఎవరెవరు ఏమేమి చేసినారో ఈ వ్యాసంలో చెప్పదలచినాను.

పిల్లవాడు బడికి రాకపోతే అడిగేది ప్రధానోపాధ్యాయుడినే. తనిఖీకి వచ్చిన అధికారి అడుగుతాడు, పై కార్యాలయం అడుగుతుంది, ఊరివారూ అడుగుతారు. అయితే పిల్లవాడు రాకపోవడానికి గల కారణాలలో ఆ ప్రధానోపాధ్యాయుడి చేతిలో ఉన్నవి ఎన్ని? ఈ ప్రశ్న మనసులో పెట్టుకొని చదవండి.

మనవైపు బడుల గురించి దొరికే పాత వివరాలలో నాకు మిక్కిలి ఇష్టమైనది బళ్ళారి కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టు 17న మద్రాసు ప్రభుత్వానికి పంపిన నివేదిక. ఈ క్యాంప్‌బెల్ మనకు పరాయివాడు కాడు. 1816లో తెలుగు వ్యాకరణం, 1821లో తెలుగు నిఘంటువు అచ్చువేయించినవాడు. నాటి బళ్ళారి జిల్లాలో ఇప్పటి అనంతపురం సీమ కూడా కలిసి ఉండేది. జిల్లాలోని 533 బడులలో 235 కన్నడ బడులు, 226 తెలుగు బడులు అని ఆయన లెక్క చెప్పినాడు. కన్నడమూ తెలుగూ సరిసమానంగా నడిచిన ఆ సీమను తలచుకొంటే నాకు మా హోసూరే గుర్తుకు వస్తుంది.

బడికి వేళకు రప్పించే పద్ధతిని కూడా ఆయన ఆ నివేదికలోనే వర్ణించినాడు. తెల్లవారి ఆరు గంటలకు బడి. అందరికంటే ముందు వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాసి గౌరవించేవారు. రెండవవాని అరచేతిలో సున్న చుట్టేవారు. అతనికి మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆ తరువాత వచ్చిన ఒక్కొక్కనికీ ఒక్కొక్క దెబ్బ అదనం. సోమరులైన పిల్లలకు రెండు చేతులూ కట్టి ఇంటికప్పుకు వేలాడదీసే శిక్షలు, గుంజిళ్ళవంటి శిక్షలు కూడా ఉండేవని వ్రాసినాడు. చివరగా వచ్చిన పిల్లవాడికి ఎన్ని దెబ్బలు పడేవో లెక్క వేసుకోండి. ముప్పయిమంది ఉన్న బడిలో ఇరవై ఎనిమిది! అన్ని దెబ్బలు తినవలసి వస్తుందని తెలిసిన పిల్లవాడు ఆ రోజు అసలు రాకుండానే ఉంటాడు గదా. ఆలస్యాన్ని మాన్పించే ఏర్పాటే గైరుహాజరును పెంచుతుందని ఆ పంతుళ్ళకు తోచలేదా అని నాకు సందేహం. నేటికీ ఆలస్యంగా వచ్చినవారిని గేటు బయట నిలబెట్టే బడులు లేకపోలేదు. ఆ పిల్లలు గేటు నుండి ఎటు పోతున్నారో ఒకసారి వెంట వెళ్ళి చూడవలసినదే.

అదే నివేదికలో మరొక మాట ఉన్నది, దానిని ఎవరూ అంతగా తలచుకోరు. జిల్లాలో బడులు తగ్గిపోవడానికి కారణం పేదరికమేనని క్యాంప్‌బెల్ స్పష్టంగా చెప్పినాడు. నడిమి తరగతి, కింది తరగతి వారు పిల్లల చదువుకు ఖర్చు పెట్టలేకున్నారు. లేత కాళ్ళూ చేతులూ కాస్త పని చేయగల స్థితికి రాగానే ఇంటివారు పిల్లల సాయం కోరవలసి వస్తున్నది అని ఆయన ప్రభుత్వానికి విన్నవించినాడు. దెబ్బలకు లొంగని గైరుహాజరు ఒకటి ఉన్నదని, దాని మూలం ఇంటి పొయ్యిలో ఉన్నదని రెండు వందల ఏండ్ల కిందటనే ఒక కలెక్టరు కనిపెట్టినాడు.

ఈ వివరాలన్నీ సేకరించమని 1822లో ఆదేశించినవాడు మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో. రాయలసీమవారికి ఆయన మన్రోలయ్య. అంతకు ముందు, 1792 తరువాత, మా కృష్ణగిరి, ధర్మపురి ప్రాంతమైన బారామహలులో అలెగ్జాండర్ రీడ్ కింద పనిచేసి శిస్తు లెక్కలు నేర్చినాడు. 1826 మార్చి 10న ఆయన వ్రాసిన మినిట్ ప్రకారం మద్రాసు రాజధానిలో 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు, జనాభా 1,28,50,941. అంటే సుమారు 68 మందికి ఒకరు బడిలో ఉన్నట్లు. ధరంపాల్ 1983లో ఈ పత్రాలను గ్రంథంగా ప్రకటించిన తరువాత వీటిపై వాదోపవాదాలు చాలా జరిగినవి. వాటిలోనికి నేను పోను. మన్రో లెక్కలు పట్టికలో పేరున్న పిల్లలవి. ఏ రోజున ఎందరు వచ్చినారనేది ఆ సంఖ్యలలో లేదు. పేరూ హాజరూ ఒకటే అని అధికారులు భావించడం అప్పుడే మొదలైనదేమో.

నాటి వీధిబడిలో అయ్యవారికి జీతం సర్కారు ఇచ్చేది కాదు. ఇంటింటివారూ ఇచ్చే గింజలు, కాసులు, పండుగ మామూళ్ళే ఆయన జీవనం. దసరా పది రోజులూ పిల్లలను వెంటబెట్టుకొని, పద్యాలు పాడించుకొంటూ గడప గడపకూ పోయేది అందుకే. పిల్లవాడు మానివేస్తే అయ్యవారి కుండలో బియ్యం తగ్గేవి. బడిదొంగను పట్టుకురావడానికి నలుగురు పెద్దపిల్లలను పంపితే, వారు వానిని కాళ్ళూ చేతులూ పట్టి మోసుకొచ్చే తమాషా మా అవ్వ నవ్వుతూ చెప్పేది. మోసేవారి ఆ రోజు చదువు కూడా పోయినదని మాత్రం ఆమె చెప్పలేదు.

1854 నాటి ఉడ్ దస్తావేజు తరువాత సర్కారు గ్రాంట్లు వచ్చినవి. ఇంగ్లండులో రాబర్ట్ లో 1862లో తెచ్చిన పద్ధతి ఒకటి ఉన్నది: పిల్లల హాజరును, చదవడం, వ్రాయడం, లెక్కలలో పరీక్షాఫలితాన్ని చూచి బడికి డబ్బివ్వడం. మద్రాసు రాజధానిలో కూడా పంతొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధంలో ఫలితాల గ్రాంటు నడిచినది. డబ్బు పట్టీకి ముడిపడేసరికి పట్టీ దిద్దడం మొదలైనది. ఇంగ్లండులో తప్పుడు హాజరు వేయడం పెద్ద నేరంగా పరిగణించవలసి వచ్చినదంటే అది ఎంత సాధారణమో ఊహించండి. మనవైపు ఇన్స్పెక్టరు గుర్రం మీద వస్తున్నాడని తెలిస్తే పక్క ఊరి పిల్లలను పిలిపించి కూర్చోబెట్టేవారని మా తాతగారి తరం వారు చెప్పుకొనేవారు. గ్రాంటు రాకపోతే ఉపాధ్యాయుడికి జీతం లేదు మరి. తప్పు చేసినవాడిని తిట్టడం సులభం. అతడిని ఆ స్థితిలో నిలబెట్టినవారెవరో కూడా చూడాలి.

తరువాత నిర్బంధ విద్య అనే ఆలోచన వచ్చినది. బరోడా మహారాజు సాయాజీరావు గాయక్వాడ్ 1893లో అమ్రేలీ ప్రాంతంలో, 1906లో రాజ్యమంతటా దానిని అమలుచేసినారు. 1911లో గోఖలే కేంద్ర శాసనసభలో బిల్లు పెట్టగా 1912లో అది ఓడిపోయినది. మన రాజధానిలో 1920 నాటి మద్రాసు ప్రాథమిక విద్యాచట్టం స్థానిక సంస్థలకు నిర్బంధ విద్య అమలుచేసే వీలు కల్పించినది. చట్టం పుస్తకంలోనికి వచ్చినది గాని పిల్లలు బడిలోనికి రాలేదు. 1929లో హార్టాగ్ కమిటీ లెక్క తీసి చూస్తే, 1922-23లో ఒకటవ తరగతిలో ఉన్న నూరుగురిలో 1925-26 నాటికి నాలుగవ తరగతిలో మిగిలినవారు కేవలం 18 మంది. నడుమ బడి మానినవారిని ఒక లెక్కగాను, ఒకే తరగతిలో ఏండ్ల తరబడి ఆగిపోయినవారిని మరొక లెక్కగాను ఆ కమిటీ విడదీసి చూపినది. మన శిక్షణ తరగతులలో 'వృథా, స్తబ్ధత' అని బట్టీ పట్టిన మాటలు అక్కడివే. నేను సర్టిఫికెట్ శిక్షణ చదివినప్పుడు ఆ రెండు మాటలకూ నిర్వచనం వ్రాసి మార్కులు తెచ్చుకొన్నాను. వాటికి ముఖాలు ఉంటాయని ఉద్యోగంలో చేరిన తరువాతనే తెలిసినది.

చట్టం చేయలేనిది అన్నం చేసినది. దానిని మొదలుపెట్టినవాడు తెలుగువాడని మనలో చాలమందికి తెలియదు. మద్రాసు నగరపాలక సంస్థకు అధ్యక్షులుగా ఉన్న పిట్టి త్యాగరాయ చెట్టిగారు దేవాంగ కులానికి చెందిన తెలుగువారు, జస్టిస్ పార్టీ స్థాపకులలో ఒకరు. 1920 సెప్టెంబరులో వేయిదీపాల ప్రాంతంలోని నగరపాలక బడిలో పిల్లలకు ఉపాహారం పెట్టడానికి సంస్థ తీర్మానించినది. ఒక్కొక్క పిల్లవాడికి రోజుకు ఒక అణాకు మించరాదని హద్దు పెట్టినారు. తరువాత దానిని మరి నాలుగు బడులకు విస్తరింపజేసినారు. ఆ అయిదు బడులలోని విద్యార్థుల సంఖ్య 1922-23లో 811 ఉండగా 1924-25 నాటికి 1,671 అయినది. అనగా రెండింతలకు మించినది. ఆ బడుల ప్రధానోపాధ్యాయులు ఒక్కసారిగా సమర్థులైపోయినారా? వారు మునుపటివారే. పక్కన ఒక వంటపాత్ర వచ్చి నిలిచినది, అంతే. అయితే ఆ ఖర్చును ప్రాథమిక విద్యానిధి నుండి పెట్టడానికి ప్రభుత్వం ఒప్పుకోకపోవడం చేత 1925లో ఆ పథకం ఆగినది. ఆ సంవత్సరమే త్యాగరాయ చెట్టిగారు కూడా కాలధర్మం చెందినారు.

ఇక మా ఊరివాని విషయానికి వస్తాను. చక్రవర్తి రాజగోపాలాచారిగారు 1878 డిసెంబరు 10న మా హోసూరు పక్కనే ఉన్న తొరపల్లిలో పుట్టినారు. తండ్రి ఆ ఊరి మునసబు. బాల్యంలో కొంతకాలం తొరపల్లిలోను, తరువాత హోసూరులోను చదువుకొని, బెంగుళూరుకు పోయినారు. కెలవరపల్లి జలాశయానికి నీరిచ్చే దక్షిణ పినాకిని ఒడ్డునే ఆయన ఊరు. అంతటి మేధావి, ఈ నేల పిల్లల స్థితి ఎరిగినవాడు, 1953లో మద్రాసు ముఖ్యమంత్రిగా ఉండి పల్లె బడులకు ఒక సంస్కరణ తెచ్చినారు. ఐదు గంటల బడిని మూడు గంటలకు కుదించి, పిల్లలను రెండు జట్లుగా చేసి, ఒక జట్టు ఉదయం, ఒక జట్టు మధ్యాహ్నం చదవాలన్నారు. మిగిలిన పూట తల్లిదండ్రుల వద్ద వారి వృత్తి నేర్చుకోవాలి. కొత్త బడులు, కొత్త ఉపాధ్యాయులు లేకుండానే ఎక్కువమందిని చేర్చుకోవచ్చునని, ఇంటిపనికి పిల్లవాడు కావలసిన కుటుంబం కూడా సగం పూటైనా పంపుతుందని ఆయన లెక్క.

హాజరు సమస్యగా మాత్రమే చూస్తే ఆ లెక్కలో తర్కం లేకపోలేదు. కుండలు చేసే ఇంటిలో, గొర్రెలు కాచే ఇంటిలో పిల్లవాడి చేయి అవసరమేనన్న నిజాన్ని ఆయన దాచలేదు. క్యాంప్‌బెల్ చెప్పినదే అది. అయితే క్యాంప్‌బెల్ దానిని దుఃఖంగా చెప్పినాడు, రాజాజీ దానిని ఏర్పాటుగా మార్చినారు. మంగలి కొడుకు కత్తి పట్టి, చాకలి కొడుకు మూట మోసి, పౌరోహితుని కొడుకు మంత్రం చదివి తిరిగి సాయంకాలానికి అదే కులంగా మిగలడమేనా చదువు అని పెరియారు, ద్రావిడ ఉద్యమం వారు, కాంగ్రెసులోని పలువురు కూడా తిరగబడినారు. 'కులవిద్యా పథకం' అని దానికి పేరు పడినది. 1954 ఏప్రిల్‌లో రాజాజీ పదవి వదలినారు. కామరాజ్ ముఖ్యమంత్రి అయినారు. మే నెలలో, విద్యామంత్రి సి. సుబ్రమణ్యం చేత, పథకం రద్దయినది. నేను తొరపల్లి మీదుగా పోయినప్పుడల్లా ఈ సంగతి తలచుకొంటాను. ఊరిని ప్రేమించినవాడే ఊరి పిల్లవాడి భవిష్యత్తును ఊరికి మించి చూడలేకపోవడం ఎంత విచిత్రం! ఆయన పట్ల నాకు గౌరవం తగ్గలేదు గాని, ఆ పథకం పోయినందుకు సంతోషమే.

కామరాజ్ పోయిన దారి వేరు. విద్యాశాఖ సంచాలకులు నె.దు. సుందరవడివేలు తోడుగా, 1956లో బడిలో మధ్యాహ్న భోజనం మొదలుపెట్టినారు. 1982 జూలై 1న ఎం.జి. రామచంద్రన్ దానిని పౌష్టికాహార పథకంగా విస్తరించినారు; మొదట పల్లెలలోని చిన్నపిల్లలకు, అదే సెప్టెంబరులో పట్టణాలకు, 1984లో పదిహేనేండ్ల వరకు ఉన్నవారికి. మా వైపు తెలుగు ఇండ్లలో కూడా దానిని 'సత్తుణవు' అనే అంటారు. 2001 నవంబరు 28న సర్వోన్నత న్యాయస్థానం దేశమంతటా వండిన అన్నం పెట్టాలని ఆదేశించినది. 1920లో వేయిదీపాల వద్ద వెలిగించిన పొయ్యి ఆ విధంగా దేశమంతా పాకినది.

ఇంతవరకు చెప్పినది అన్ని బడులకూ వర్తించేది. మన భాషాబడులకు మాత్రమే వర్తించే మరొక చరిత్ర ఉన్నది. 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక సూత్రం చెప్పినది: బడి మొత్తం మీద 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని మాతృభాష వారు ఉంటే ప్రాథమిక దశలో వారికి ఆ భాషలో చెప్పే ఉపాధ్యాయుడిని ఇవ్వాలి. 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఏ అధికరణం మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతి కల్పించమన్నది. ఆ సంవత్సరమే భాషారాష్ట్రాలు ఏర్పడి, హోసూరు తాలూకా మద్రాసు రాష్ట్రంలో నిలిచిపోయినది. అప్పుడు సేలం జిల్లా. 1965లో ధర్మపురి జిల్లా. 2004 ఫిబ్రవరిలో కృష్ణగిరి జిల్లా. జిల్లా పేరు మారుతూ వచ్చినది గాని ఆ 'పది' మారలేదు. సామాన్యమైన బడిలో ఒక పిల్లవాడు రాకపోతే ఒక గడిలో సున్న పడుతుంది. తెలుగు విభాగంలో పదవ పిల్లవాడు రాకపోతే విభాగమే సున్న అయ్యే భయం ఉంటుంది.

ఆ భయం ఎంతపని చేయిస్తుందో నా అనుభవమే చెప్తాను. 1990ల చివరలో ఒక పల్లెబడిలో పనిచేసేవాడిని. ఊరి పేరు, బడి పేరు అక్కర లేదు. మూడవ తరగతి తెలుగు విభాగంలో సరిగ్గా పదిమంది. సంక్రాంతి తరువాత ఒక అమ్మాయి రావడం మానినది. రేపు వస్తుందిలే అనుకొన్నాను. తనిఖీ దగ్గరలో ఉన్నది. తొమ్మిదిమందిని చూపితే తరగతిని కలిపివేస్తారేమో, నా పోస్టు ఎత్తివేస్తారేమో అని లోలోపల అనుకొంటూ, ఆమె గడిలో వచ్చినట్లు గుర్తు వేసినాను. ఒక రోజు కాదు, మూడు వారాలు వేసినాను. ఎవరూ అడగలేదు. పట్టీలో ఆ పిల్ల బడిలోనే ఉన్నది గదా, ఎవరు వెతుకుతారు? చివరకు నేనే వారి ఇంటికి పోతే తలుపుకు తాళం వేసి ఉన్నది. తల్లిదండ్రులు ఇటుకల బట్టీ పనికి కర్ణాటకలోని ఏదో ఊరికి పోయినారని పక్కింటామె చెప్పినది. ఏ ఊరో మూడు వారాల కిందట అడిగి ఉంటే తెలిసేదే; బండి ఎక్కించినవాడు అప్పుడు ఊరిలోనే ఉండినాడట. ఆ పిల్ల తిరిగి బడికి రాలేదు. ఆమె పేరు నేను మరువలేదు గాని ఇక్కడ వ్రాయను.

తరగతి నిలిచినది, నా ఉద్యోగమూ నిలిచినది. తెలుగును కాపాడినానని కొందరు మెచ్చుకొన్నారు కూడా. పది పేర్లతో కాపాడిన తెలుగులో ఆ పిల్ల చదువు లేదు.

నేను ఉద్యోగంలో చేరేనాటికే ఊరూ మారుతూ ఉండినది. 1970లలో హోసూరులో సిప్కాట్ పారిశ్రామికవాడ వచ్చినది. వెనుకనే పెద్ద కర్మాగారాలు వచ్చినవి. తరువాత గులాబీ తోటలు, ప్లాస్టిక్ పందిళ్ళు. బెంగుళూరు కట్టడాల పని అందుబాటులోనికి వచ్చినది. రాగికోత కాలంలో పది రోజులు, అనపకాయల కాలంలో పది రోజులు మానే పాత గైరుహాజరు పక్కన, కుటుంబమంతా నెలల తరబడి లేచిపోయే కొత్త గైరుహాజరు చేరినది. మరొకటి కూడా ఉన్నది: 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ప్రకారం ఆ ఏటి నుండి ఒకటవ తరగతితో మొదలై ఏటేటా పైకి పోతూ తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైనది. తమిళం నేర్వవద్దని మనమెవరమూ అనలేదు. మా పిల్లలు అంగడిలో, బస్సులో తమిళం చక్కగా మాట్లాడుతారు. పదవ తరగతి పరీక్షలో తెలుగు వ్రాసే వీలు ఉంటుందా పోతుందా అని ఏటా కోర్టుల వైపు చూస్తూ కూర్చోవలసి వచ్చేసరికి, తల్లిదండ్రులు మధ్యలోనే పిల్లలను వేరే బడికి మార్చినారు. అలా మారిన పిల్ల కొత్త తరగతిలో పాఠం అర్థం కాక మానివేస్తే, అది ఏ బడి గైరుహాజరు లెక్కలోనికి వస్తుంది? రెండు పట్టీల నడుమ జారిపోయిన పిల్లలను నేను పలువురిని ఎరుగుదును.

2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టం ఈ విషయంలో ఒక పెద్ద మార్పు తెచ్చినది. పిల్లవాడి చేరికనూ, హాజరునూ, చదువు పూర్తికావడాన్నీ చూడవలసిన బాధ్యత ప్రభుత్వానిది అని ఎనిమిదవ విభాగం చెప్పినది. తల్లిదండ్రులతో క్రమంగా సమావేశమై హాజరు సంగతి చెప్పడం ఉపాధ్యాయుడి విధులలో చేరినది. పాఠశాల నిర్వహణ సంఘంలో ముప్పాతిక వంతు తల్లిదండ్రులే ఉండాలి. ఇవన్నీ మంచివే. కాని అదే చట్టపు అనుబంధంలో చూడండి: ప్రాథమిక బడిలో 60 మంది వరకు ఇద్దరు ఉపాధ్యాయులు, 150 మంది దాటితేనే విడిగా ప్రధానోపాధ్యాయుడు. మన తెలుగుబడులలో 150 మంది ఉన్నవి ఎన్ని? కనుక మన బడిపెద్ద అంటే రెండు మూడు తరగతులకు పాఠం చెప్తూ, అన్నం లెక్క వ్రాస్తూ, ఫోనులో హాజరు నింపుతూ, నడుమ గంటలో రాని పిల్లవాడి ఇంటికి పోవలసిన మనిషి. ఆ మనిషికి తోడు కావాలని అడగడం సోమరితనం కాదు.

అటువంటి తోడు ఎలా ఉంటుందో తెలంగాణలో చూడవచ్చు. శాంతా సిన్హాగారి నాయకత్వంలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991 నుండి రంగారెడ్డి జిల్లాలో పనిచేసినది. బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్నది వారి మూలసూత్రం. పత్తి చేలలో, పశువుల వెంట ఉన్న పిల్లలను శిబిరాలలో చేర్చి, వయసుకు తగిన తరగతికి సిద్ధం చేసి, బడికి పంపినారు. 2003లో శాంతా సిన్హాగారికి మెగసెసే పురస్కారం వచ్చినది. నాకు పురస్కారం కంటె వారి పద్ధతి ముఖ్యం: ఊరి యువకులు, పంచాయతీవారు, ఉపాధ్యాయులు కలిసి పేరు పేరునా వెతకడం. వెతికే పని బడిపెద్ద ఒక్కడి మెడకు చుట్టలేదు. మా సరిహద్దు దాటితే చిత్తూరు; ఆ చిత్తూరులోనే 2020 జనవరి 9న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'అమ్మ ఒడి' ప్రారంభించి, పిల్లలను బడికి పంపే తల్లికి ఏటా 15,000 రూపాయలు ప్రకటించినది; తరువాత 75 శాతం హాజరు నిబంధన అమలుచేసినది. 2025లో 'తల్లికి వందనం' పేరుతో అటువంటి పథకమే వచ్చినది. డబ్బు హాజరుకు ముడిపడినప్పుడు పాత గ్రాంటుల రోజులను గుర్తుంచుకోవడం మంచిది. అప్పుడు దిద్దేది పంతులు ఒక్కడే; ఇప్పుడు ఆ పంతులి మీద ఒత్తిడి తెచ్చేది ఊరంతా.

తమిళనాడులో 2022 సెప్టెంబరు 15న ముఖ్యమంత్రి ఉదయాహార పథకం 1,545 ప్రభుత్వ ప్రాథమిక బడులలో మొదలై, 2023 ఆగస్టు 25న 31,008 బడులకు విస్తరించినది. క్యాంప్‌బెల్ చూచిన బడిలో ముందు వచ్చినవాడికి సరస్వతి, చివరవాడికి బెత్తం. ఇప్పుడు ముందు వచ్చినవాడికీ, చివర వచ్చినవాడికీ వేడి ఉప్మా. తెల్లవారకముందే పూలతోటకు, కర్మాగారానికి పోయే తల్లి పిల్లవాడికి రాత్రి సంగటి ముద్ద పెట్టి పోయేది. వాడు తిని, మళ్ళీ పడుకొని, బడి సంగతి మరచేవాడు. ఇప్పుడు ఎనిమిదిన్నరకే గేటు దగ్గర ఉంటాడు. ఆలస్యంగా వచ్చేవారి పేర్లు వ్రాసే నా చిన్న పుస్తకంలో పేజీలు ఖాళీగా మిగిలినవి.

అయినా కొన్ని గైరుహాజరులకు ఏ పథకమూ అందదు. బెంగుళూరు మురుగు కలిసిన దక్షిణ పినాకిని నీరు కెలవరపల్లి జలాశయం చేరుతుంది. వానలు ఎక్కువై గేట్లు ఎత్తినప్పుడు దిగువన తెల్లని నురగ కొండలుగా పేరుకొంటుంది. నేలమట్టపు వంతెనలను నురగ కప్పివేసి రాకపోకలు ఆగిన రోజులు ఇటీవలి ఏండ్లలో చాలాసార్లు వచ్చినవి. చూడడానికి వచ్చినవారు ఫోటోలు తీసుకొంటారు. అటువైపు ఊళ్ళ పిల్లలు ఆ రోజు బడికి రాలేరు. పట్టీలో కారణం వ్రాసే గడి లేదు గనుక, ఆ సున్నా కూడా సోమరితనపు సున్నా వలెనే కనబడుతుంది.

ఆ కారణం కోసమే నేను హాజరుపట్టీ పక్కన మామూలు నోటుపుస్తకం ఒకటి పెట్టుకొన్నాను. వరుసగా రెండు రోజులు రాని పిల్లవాడి పేరెదురుగా ఎందుకు రాలేదో ఒక్క వాక్యం. 'చెల్లెలికి జ్వరం, ఇంట్లో ఎవరూ లేరు.' 'రాగి కోత.' 'చెప్పులు తెగినవి.' 'తమిళం డిక్టేషన్ అని భయం.' నెలకొకసారి నిర్వహణ సంఘం కూర్చున్నప్పుడు ప్రధానోపాధ్యాయుడు ఆ పుస్తకం తెరిచి చదువుతారు. చెప్పుల సంగతి విన్న రోజున ఒక తండ్రి లేచి ఏమీ మాట్లాడకుండా బయటికి పోయినాడు. మరునాడు పిల్లవాడు కొత్త చెప్పులతో వచ్చినాడు. అది ఆ తండ్రి కొడుకు కాడు. డిక్టేషన్ భయం సంగతి తమిళ ఉపాధ్యాయినికి చెప్తే, ఆమె ఆ పిల్లను ముందు వరుసలో కూర్చోబెట్టుకొని పది రోజులు నోటితోనే చెప్పించుకొన్నది. తెలుగు రాని ఆమె, ఆ పిల్ల కోసం తెలుగు అంకెలు నేర్చుకొన్నది.

మిత్రులారా, మీ బడి బీరువాలో పాత హాజరుపట్టీలు ఉంటే, చెదలు తినకముందే తెరిచి చూడండి. తూకానికి అమ్మివేయకండి. తల్లిదండ్రులు కూడా తాము చదివిన బడికి పోయి, తమ పేరున్న పట్టీ చూపమని అడగండి. నవంబరు, డిసెంబరు గడులలో ఎవరెవరికి వరుసగా సున్నాలు ఉన్నవో లెక్కపెట్టి, ఆ ఏడు ఏ పంట కోతకు వచ్చినదో, ఏ పనికి ఎవరు వలస పోయినారో ఊరి పెద్దలను అడిగి, పక్కన పెన్సిలుతో వ్రాయండి.